తాళంలో చెవి విరిగితే ఫెవిక్విక్ వాడొచ్చా, వాడకూడదా?

పచ్చని_గడప:
మెయిన్ డోర్ సిలిండర్ తాళంలో చెవి విరిగి సగం ముక్క లోపలే ఉండిపోతే ఏం చేయాలన్న దాని మీద మూడు రకాల సలహాలు తిరుగుతున్నాయి. అగ్గిపుల్ల కొసకు ఫెవిక్విక్ రాసి, ముక్కకు అంటించి లాగమనేది ఒకటి. కొబ్బరినూనో, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రేనో కొట్టి పట్టకారుతో తీయమనేది ఇంకొకటి. ఏదీ ముట్టుకోకుండా తాళాలు చేసే ఆయన్ని పిలిచి సిలిండర్ తొలిపించేయమనేది మూడోది. వీటిలో ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలవాళ్ళు చెప్పండి. ముఖ్యంగా ఫెవిక్విక్ సంగతి తేలాలి, వీడియోల్లో ఎక్కువగా చూపిస్తున్నది అదే.

పిన్ను_స్ప్రింగు:
ఫెవిక్విక్ వద్దు. అయితే ఆ గొడవకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది, మూడు సలహాల్లోనూ అది లేదు. చెవులు ఎక్కువగా విరిగేది తిప్పేటప్పుడే. అంటే చెవితో పాటు తిరిగే లోపలి గొట్టం కొంత పక్కకు తిరిగి ఆగిపోయి ఉంటుంది. ఆ స్థితిలో ముక్క బయటికి రాదు. సిలిండర్‌లో సాధారణంగా ఐదో ఆరో జతల పిన్నులు, జతకొక స్ప్రింగు ఉంటాయి. చెవి పళ్ళు వాటిని సరైన ఎత్తులో నిలబెడితేనే గొట్టం తిరుగుతుంది. తిరిగాక ఆ పిన్నులు కదలడానికి చోటుండదు, బయటి గోడ అడ్డుపడుతుంది. పళ్ళ మధ్య గుంటల్లో అవి కూర్చుని ముక్కను బిగించి పట్టేస్తాయి. ఎంత లాగినా లాభం లేదు, లాగే పనిముట్టు విరిగి లోపల రెండో ముక్క తయారవుతుంది.

అందుకని మొదట 2 మి.మీ. సన్న స్క్రూడ్రైవర్ కొసను చెవి దూరే సందు నోట్లో ఆనించి, గొట్టాన్ని చెవి దూర్చే స్థానానికి మెల్లగా తిప్పండి. సందు సరిగ్గా నిటారుగా వచ్చినప్పుడు చేతికి చిన్నగా టిక్కుమని తెలుస్తుంది. అక్కడే ఆపాలి. స్క్రూడ్రైవర్‌ను లోపలికి నొక్కకండి, ముక్క ఒక్క పన్ను దూరం లోపలికి జరిగినా తరవాతి పని రెట్టింపవుతుంది.

ఇంకో సంగతి. ముక్క పూర్తిగా తన చోట ఉంటే పిన్నులన్నీ సరైన ఎత్తులోనే ఉన్నట్టు. అదే స్క్రూడ్రైవర్‌తో గొట్టాన్ని తాళం తీసే వైపు తిప్పితే తలుపు తెరుచుకునే అవకాశం ఉంది. బయట చిక్కుకున్నవాళ్ళు ముందు ఇది ప్రయత్నించాలి. తలుపు తెరిచాక, సందును మళ్ళీ నిటారుకు తెచ్చి ముక్కను తీరిగ్గా తీసుకోవచ్చు.

అర్ధరాత్రి_అగ్గిపుల్ల:
సందు నిటారుకు తేవాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఫెవిక్విక్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. రాత్రి పదకొండింటికి పల్లెటూళ్ళో ముక్కను లాగడానికి సన్న రంపపు బ్లేడు లాంటివి ఎవరిస్తారు? కిరాణా కొట్టులో ఐదు రూపాయల ఫెవిక్విక్ దొరుకుతుంది. అగ్గిపుల్ల కొసన ఆవగింజంత రాసి, పది సెకన్లు గాలికి వదిలి చిక్కబడనిచ్చి, విరిగిన అంచుకు మాత్రమే ఆనించి ఒక నిమిషం ఆగితే పట్టుకుంటుంది. చేయి వణక్కుండా చేస్తే పని అవుతుంది.

పిన్ను_స్ప్రింగు:
అన్నా, ఒక్కటి ఆలోచించండి. ముక్క కొస ఒకటిన్నర మిల్లీమీటరు బయటికి కనిపిస్తోందంటే ముక్కు ప్లయర్‌తోనో కనుబొమ్మల పట్టకారుతోనో తీసేయొచ్చు, జిగురు అక్కర్లేదు. కొస బయటికి లేకపోతే, అగ్గిపుల్లను సందులోకి దూర్చి ఆనించాలి. అప్పుడు ఆ జిగురు విరిగిన అంచుకూ సందు గోడకూ కలిపి తగులుతుంది. జిగురు అవసరమైన చోటే అది ప్రమాదకరం, ప్రమాదం లేని చోట దాంతో పనే లేదు.

పైగా అది నీళ్ళలా పలచన. సన్నటి సందు కనిపిస్తే తనంతట తానే లోపలికి పాకుతుంది, గాలిలోని తేమ తగలగానే గట్టిపడుతుంది. చెవికీ సందుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొద్ది పాళ్ళే. మొదటి పిన్ను నోటి నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. అక్కడిదాకా పాకిందంటే స్ప్రింగుతో సహా పిన్ను అతుక్కుపోతుంది. ఇక ముక్క బయటికొచ్చినా డూప్లికేట్ చెవి దూరదు. ఇంకోటి, ముక్కను పట్టి ఉంచేది నాలుగైదు స్ప్రింగుల ఒత్తిడి. విరిగిన అంచు విస్తీర్ణం బియ్యపుగింజంత. అంత చోట అంటిన జిగురు పక్కకు కాస్త వంగినా ఊడిపోతుంది.

పచ్చని_గడప:
మరి ఇప్పటికే ఫెవిక్విక్ పోసేసినవాళ్ళ సంగతి?

పిన్ను_స్ప్రింగు:
అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ కొనాలి. సీసా మీద అసిటోన్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, లేనివీ అమ్ముతున్నారు. ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకుని ఐదారు చుక్కలు సందులో వదలండి. పావుగంట ఆగి మళ్ళీ వదలండి. ఇలా నాలుగైదు విడతలు. అది ఒక్కసారిగా కరగదు, మెత్తబడుతుంది. తలుపు పాలిష్ మీద, ప్లాస్టిక్ బీడింగ్ మీద పడితే మరక ఖాయం కాబట్టి కింద గుడ్డ కట్టండి. దీపం, అగరుబత్తి, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు, భగ్గున అంటుకునే పదార్థం. దీంతోనూ వదలకపోతే సిలిండర్ మార్చడమే.

కంసాలి_బ్లేడు:
లాగే పద్ధతి ఎవరూ సరిగ్గా రాయలేదు, నేను రాస్తాను. కావాల్సింది బంగారం పనివాళ్ళు వాడే సన్న రంపపు బ్లేడు. 3 లేదా 4 నంబరు అడగండి. అవి 0.4 మి.మీ. లోపు మందం ఉంటాయి, సందులో దూరతాయి. అంతకన్నా సన్నవి పుటుక్కున విరుగుతాయి. మామూలు హాక్సా బ్లేడు వెడల్పు ఎక్కువ, సాన పట్టకుండా దూరదు.

బ్లేడు మీద వేలిని రెండు వైపులా నడిపి చూడండి, ఒక వైపు నున్నగా జారుతుంది, రెండో వైపు గీరుకుంటుంది. పళ్ళు మన వైపు తిరిగి ఉండేలా పట్టుకుని దూర్చాలి. తిరగేసి పెడితే ముక్కను మనమే లోపలికి తోస్తాం. చెవి పళ్ళు పైకున్నాయా కిందికున్నాయా అన్నది చేతిలో మిగిలిన తలకాయ ముక్కే చెబుతుంది. మన తలుపులకు బిగించే పొడుగాటి సిలిండర్లలో పిన్నులు కింది భాగంలో ఉంటాయి, గుండ్రటి నైట్ లాచ్‌లలో సాధారణంగా పై వైపున. బ్లేడును చెవి పళ్ళ అంచు వెంబడి ఒక సెంటీమీటరు పోనిచ్చి, కొద్దిగా మెలితిప్పి ఇత్తడిలో కొరుక్కునేలా చేసి, తిన్నగా లాగండి. మొదటి లాగుడుకే రాదు. ఒక్కో లాగుడుకు అర మిల్లీమీటరు జరిగినా గెలిచినట్టే, మెలిక వదలకుండా మళ్ళీ పట్టు పట్టాలి. ఒక మిల్లీమీటరు బయట కనిపించగానే ప్లయర్ అందుకోండి.

పళ్ళకు బదులు పలక మీద గుంటలుండే కొత్త రకం చెవులకు ఈ పట్టు దొరకదు. వాటికి ముక్కకు అటొకటి ఇటొకటి రెండు బ్లేడులు దూర్చి, బయటి కొసలు రెండిటినీ కలిపి మెలిపెట్టి లాగాలి. అయస్కాంతం పెట్టి లాగమనే సలహా కూడా కనిపిస్తుంటుంది. ఇత్తడి చెవి అయస్కాంతానికి అంటదు, ఇనుప చెవి అయినా పిన్నులు వదలవు.

ఉప్పుగాలి:
నూనె గురించి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆదిలాబాద్‌లోనో అరకులోనో చలికాలం రాత్రి తాళంలో పోస్తే తెల్లారేసరికి లోపల మైనమే. వేరుశెనగ, పొద్దుతిరుగుడు నూనెలైతే నెలలు గడిచేకొద్దీ బంకగా మారి దుమ్ము పట్టుకుంటాయి. వంటింటి నూనె ఏదీ తాళంలోకి పోకూడదు. ముక్క కదలాలంటే డబ్ల్యూడీ-40 గొట్టం పెట్టి ఒక్క సెకను కొట్టి, ఐదు నిమిషాలు ఆగితే చాలు.

కంసాలి_బ్లేడు:
అదీ వద్దనే నా మాట. గ్రాఫైట్ పొడి వేయాలి. తడి చేస్తే ప్లయర్ జారుతుంది, తరవాత దుమ్ము పేరుకుంటుంది. పొడి దొరక్కపోతే 6బీ, 8బీ పెన్సిల్ ములుకు గీకి ఊదినా చాలు.

ఉప్పుగాలి:
పొడి ఊరికే కూర్చుంటుంది, తుప్పును వదిలించలేదు. పైగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుతేమలో గ్రాఫైట్ ఇత్తడినీ జింకునూ తినేలా చేస్తుంది, కరెంటు సెల్లులో జరిగే చర్యే అక్కడా జరుగుతుంది. సముద్రం పక్కన టెఫ్లాన్ ఉన్న పొడి స్ప్రే మేలు. మెట్ట ప్రాంతంలో, దుమ్ము ఎక్కువున్న చోట గ్రాఫైట్ బాగానే పనిచేస్తుంది, అంతవరకు మీతో ఏకీభవిస్తాను. అయితే అది రోజువారీ సంరక్షణకు. ఇరుక్కున్న ముక్కను కదిలించడానికి ద్రవమే కావాలి. ప్లయర్ జారుతుందంటే కొసను గుడ్డతో తుడవండి. రెండూ కలిపి మాత్రం వేయకండి, నల్లటి ముద్దై పిన్నులు కూరుకుపోతాయి. నూనె కొట్టాక ఫెవిక్విక్ పెట్టేవాళ్ళూ ఉన్నారు. నూనె అంటిన ఇత్తడికి అది పట్టదు, లోపలికి కారడమే మిగులుతుంది.

షట్టర్_బజార్:
మీరందరు తలుపుల గురించే రాస్తున్నరు. గేటుకు ఏసే తాళం కప్ప సంగతి వేరే. కాడ చివర ఒక్క పక్క పలక ఉండే చెవి అయితే లోపల పిన్నులు ఉండయ్, లివర్లు ఉంటయ్. చెవి దూర్చిన స్థానంలనే విరిగితే లివర్లు దాన్ని గట్టిగ పట్టుకోవు. కప్ప నోరు కిందికి పెట్టి, చెక్కసుత్తితోని పక్కల మీద తట్టాలె, చాలాసార్లు ముక్క జారి పడుతది. తిప్పినంక విరిగితే ఎన్కకు తిప్పుకోవాలె, లేకుంటే రాదు.

అప్పటికీ రాకుంటే కప్పతోని కొట్లాడకుండా కొక్కెం కోయించుండ్రి. మంచి కప్ప కొండి గట్టిపరిచిన ఉక్కు, హాక్సా దాని మీద జారుతనే ఉంటది, బ్లేడు పళ్ళే అరుగుతయ్. గేటు కొక్కెం మెత్తటి ఇనుము, పది నిమిషాలల్ల తెగుతది, వెల్డింగు దుకాణంల కొత్తది పెట్టిస్తరు. గ్రైండర్ అయితే 4 అంగుళాలది, 1 మి.మీ. కటింగ్ డిస్కు, కండ్లకు అద్దాలు తప్పనిసరి. పక్కకు బండి ఉంటే ముందు దూరం తీయుండ్రి, నిప్పురవ్వలు పెట్రోలు దగ్గర పడొద్దు.

ఫ్లాట్_నంబర్_ప్లేటు:
మూడో సలహాకు వస్తే, తొలచడం చివరి మార్గం. జిగురు పిన్నులదాకా పోయినప్పుడో, ముక్క లోపలికి దిగిపోయి బ్లేడుకు అందనప్పుడో తప్ప దాని జోలికి పోకూడదు. పిలిచే ముందే ఫోన్‌లో అడగండి, ముక్క తీస్తారా, నేరుగా తొలుస్తారా అని. తీయడానికెంత, కొత్త సిలిండర్‌తో కలిపి ఎంత అని విడివిడిగా చెప్పించుకోండి. డ్రిల్ తప్ప వేరే పనిముట్టు తీసుకురాని మనిషి మీకు అక్కర్లేదు.

రెండు వైపులా చెవి పెట్టే సిలిండర్లలో ఇంకో చిక్కుంది. లోపలి వైపు ముక్క ఉండిపోతే బయటి చెవి మామూలు రకాల్లో పనిచేయకపోవచ్చు, ఎందుకంటే రెండు వైపుల మధ్య ఉన్న క్లచ్‌ను, అంటే తిప్పే వైపును గడియకు కలిపే భాగాన్ని, చెవి కొసే తోయాలి, అవతలి ముక్క దాన్ని తోయనివ్వదు. లోపల చెవికి బదులు చేత్తో తిప్పే బొడిపె ఉండే రకం కొంటే ఈ బాధ ఉండదు.

మార్చాల్సి వస్తే తాళం మొత్తం కొననక్కర్లేదు. తలుపు అంచున పొడుగాటి స్క్రూ ఒకటుంటుంది, అది తీసి, మధ్యలో గడియను కదిపే నాలుకను సిలిండర్ ఒంటికి సమానంగా తిప్పితే సిలిండర్ బయటికి వస్తుంది. స్క్రూ రంధ్రం మధ్య నుంచి అటూ ఇటూ విడివిడిగా కొలవండి, మిల్లీమీటర్లలో 30+30, 30+40 ఇలా అమ్ముతారు. బయటి వైపు రెండు మూడు మిల్లీమీటర్లకన్నా పొడుచుకు రాకూడదు, దొంగ పట్టుకారుతో పట్టి విరిచేస్తాడు.

కంసాలి_బ్లేడు:
చెవి ఎక్కడ విరిగిందో కూడా చూడండి. లోతైన గుంట దగ్గర విరిగితే చెవే అరిగిపోయింది, లేదా డూప్లికేట్‌కు డూప్లికేట్. తల దగ్గర విరిగితే బలంగా తిప్పాల్సి వస్తోందన్నమాట. అప్పుడు తలుపు తెరిచి ఉంచి తాళం వేసి చూడండి. తెరిచినప్పుడు తేలిగ్గా, మూసినప్పుడు బిగుతుగా తిరిగితే తప్పు తాళానిది కాదు, తలుపు వాలి గడియ ఫ్రేము పలకకు రాసుకుంటోంది. పై బందు స్క్రూలు బిగించండి, చాలకపోతే పలక రంధ్రాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో అరగదీయండి.

రెండు ముక్కలూ దాచి ఉంచండి, డూప్లికేట్ లేనివాళ్ళకు వాటిని పక్కపక్కన బిగించి కొత్తది కోసివ్వగలరు. డూప్లికేట్ ఉంటే తక్కువ వాడిన దాని నుంచే కోయించాలి. కొత్త చెవిని తలుపు తెరిచి ఉంచే పదిసార్లు తిప్పి చూశాకే తలుపు మూయండి.