శ్రీశ్రీ జాబితాలో తాపీ ఉందా, లేదా?

కాకినాడ కుర్రాడు:
మేడ మీద గది కట్టిస్తున్నాం. మేస్త్రీ గారు ఇటుక పెట్టి, తాపీ పిడితో టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసి కూర్చోబెడుతున్నారు. ఆ చప్పుడుకి పొద్దుట్నుంచీ నా బుర్రలో ఒకటే ముక్క తిరుగుతోంది: "తాపీ, రంపం, కొడవలి, నాగలి". శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' పద్యంలో పనిముట్ల జాబితాలోదే కదా? పుస్తకం అటక మీదుంది, అటకకి అడ్డంగా సిమెంటు బస్తాలున్నాయి.

మాత్రల మాస్టారు:
"గొడ్డలి, రంపం, కొడవలి, నాగలి". తాపీ లేదు. పుస్తకం తీయక్కర్లేదు.

కాకినాడ కుర్రాడు:
మరి నా నోటికి అంత బాగా ఎలా అతికిందండీ?

మాత్రల మాస్టారు:
అతుకుతుంది. ఆ పద్యంలో కమ్మరి, కుమ్మరి, చక్రం, పగ్గం అన్నీ నాలుగేసి మాత్రలు: తేలిగ్గా పలికే లఘువుకి ఒకటి, బరువుగా పలికే గురువుకి రెండు. గొడ్డలీ నాలుగే, తాపీ నాలుగే. కొలిమికి మూడే వస్తాయనేగా ఆయన "కొలిమీ" అని సాగదీసింది!

విజయవిలాసి:
అయితే తాపీ నప్పదు మాస్టారూ. అసలు మాట హ్రస్వాంతం, తాపి. మూడు మాత్రలే. మా నాన్నగారు తాపి పనే చేశారు, ఆయన నోట ఎప్పుడూ దీర్ఘం వినలేదు.

మాత్రల మాస్టారు:
తాపీ ధర్మారావు గారి ఇంటిపేరు కూడా హ్రస్వం చేసేస్తారా ఏమిటి?

విజయవిలాసి:
ఆయన పేరెత్తారు, ఇక నన్నాపకండి. 'విజయవిలాసం' చదవడానికి ఆయన 'హృదయోల్లాస వ్యాఖ్య'ని మించింది లేదు. 1971లో సాహిత్య అకాడమీ బహుమతి దానికే. ఆ కావ్యం రాసిన చేమకూర వెంకటకవి పద్యానికో చమత్కారం దాచాడు సరే, దాన్ని పొర పొరగా ఒలిచి చేతిలో పెట్టింది మాత్రం ఈయన. పర్లాకిమిడిలో గిడుగు వారి దగ్గర చదువుకున్నవాడు మరి. మేస్త్రీ చేసే ప్రతి పనీ...

పాలమూరోడు:
అన్నా, గోడ కాడికి రాండ్రి. తాపీల దీర్ఘం ఉర్దూది. హిందీ, ఉర్దూల థాపీ ఉన్నది. మనం వత్తు తీసేసినం, దీర్ఘం ఉంచుకున్నం.

మాత్రల మాస్టారు:
హిందీ థాపీ చెక్కది కదా! సున్నం గచ్చు మీద టపటపా కొట్టి అణిచే బల్ల. మనది మొన తేలిన ఇనప రేకు. చెక్క ఇనుమెప్పుడైంది? నా అనుమానం తాపడం మీద. వెండి తాపడం అంటాం చూడండి, ఒకదాని మీద ఇంకోటి అతికించడం. గోడకి సున్నం తాపడం చేసేది తాపీ.

పాలమూరోడు:
పనిముట్టు మారితే మాట మారాల్నా? మా దిక్కు మేస్త్రీని సుతారి అంటరు. గదే సుతార్ మరాఠీల వడ్రంగి. సూత్రధారుడు, అంటే దారం పట్టేటోడు. కట్టె పని చేసెటాయన మాట మా కాడ ఇటుక పని చేసెటాయనకు వచ్చింది.

ధర్మవరం:
మా పక్క బేల్దారి అంటారు సామీ. ఫారసీలో బేల్ అంటే పార, దార్ అంటే పట్టుకున్నోడు. హిందీ వాళ్లకి ఇప్పటికీ బేల్దార్ అంటే మట్టి తవ్వే కూలోడే. మా సీమకొచ్చి గోడ కట్టే పెద్ద మేస్త్రీ అయినాడు! ఆ మేస్త్రీ మాత్రం మనదా? పోర్చుగీసు వాళ్ల మెస్త్రె. ఇంగ పనిముట్టంటారా, బెంగుళూరులో పనికి పోతే కన్నడమోళ్లు కరణె అంటారు, తమిళమోళ్లు కరణై అంటారు. వాళ్లకి తాపీ అంటే తెలీదు.

కాకినాడ కుర్రాడు:
తాపీగా పని చేస్తారు కాబట్టి తాపీ మేస్త్రీ అనుకునేవాణ్ణి :)

విజయవిలాసి:
ఈ హాస్యానికి మా ఇంట్లో కాలం చెల్లింది బాబూ. మే నెల ఎండలో పరంజా ఎక్కి ఒక్క వరుస కట్టి, తర్వాత తాపీగా అనండి. ఆ తాపీగా వేరే మాట.

మాత్రల మాస్టారు:
వేరే అని ఎలా తేల్చారో?

విజయవిలాసి:
మీరు తాపడం తేల్చినట్టే.

కాకినాడ కుర్రాడు:
సరే, శ్రీశ్రీ మేస్త్రీని ఎందుకు వదిలేశాడంటారు?

మాత్రల మాస్టారు:
వదల్లేదు. 'దేశచరిత్రలు'లో తాజమహల్ కూలీలెవరని అడిగాడుగా.

పాలమూరోడు:
ఆ కూలీలు రాళ్లెత్తినోళ్లు మాస్టారూ, పేర్చినోళ్లు కారు. మా తాత నాగార్జునసాగర్ల రాయి మోసిండు. 1955ల పునాది రాయి వడ్డది, నడిమి డ్యాం అంతా రాతికట్టుడు. మోసెటాయనకు, కట్టెటాయనకు కూలి ఒక్కటి కాదని మా తాతనే చెప్పెటోడు. గది ఇడిచిపెట్టుండ్రి. సుతారిని లెక్కపెట్టుండ్రి: సు ఒకటి, తా రెండు, రి ఒకటి. నాలుగే!

మాత్రల మాస్టారు:
మధ్యలో గురువు, అటూ ఇటూ లఘువులు. అది జగణం. ఆ నడకలో తూలిపోతుంది.

పాలమూరోడు:
గొడ్డలికి పై పాదమే "శరీర కష్టం". శరీర ఏం గణం?

మాత్రల మాస్టారు:
...జగణమే.

విజయవిలాసి:
పద్యం మొదలే "పొలాలనన్నీ". పొలాల కూడా అంతేగా మాస్టారూ!

ధర్మవరం:
బేల్దారికి ఐదు మాత్రలని మమ్మల్ని తీసెయ్యద్దండి. మా ఊళ్లో ఎవురూ ఆ చివరి 'రి' పలకరు. బేల్దార్, అంతే. నాలుగు.