అప్‌డేట్: అమ్మ కళ్ల మంటకు కారణం తెలిసింది

గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) ఉన్న అమ్మకు కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, ఆగకుండా నీళ్లు ఎందుకని ఇంతకుముందు పోస్ట్‌లో అడిగాను కదా. ఇక్కడే చెన్నైలో కంటి డాక్టర్‌కు చూపించాం. అన్ని నీళ్లు కారుతున్నా అది డ్రై ఐ (కళ్లు పొడిబారడం) అట! పసుపు రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే, కన్నీటి పొర 10 సెకన్లలోపే చెదిరిపోతోంది. థైరాయిడ్ వల్ల పై రెప్ప పైకి లాగేసి, నిద్రలో కళ్లు పూర్తిగా మూతపడటం లేదు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఎండిపోతుంటే ఆ మంటకే నీళ్లు ఊరుతున్నాయి. అమ్మ కళ్లను నిద్రలో గమనించమని ఆ పోస్ట్ కింద చెప్పిన అక్కకు చాలా థ్యాంక్స్.

పగలు ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. గరగర బాగా తగ్గింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్) నార్మల్‌కి వచ్చినా కళ్ల సమస్య విడిగా సాగొచ్చట. ఇది మాకు ముందే చెప్పాల్సిన విషయం. పొగ అస్సలు పడదన్నారు, నాన్న ఇంట్లో సిగరెట్ మానేశారు. రంగులు వెలిసినట్టున్నా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే రమ్మన్నారు.