సమస్య: ‘దీప మార్పగ వెలుగులు దిశల నిండె’ (తేటగీతి), పూరణలు, విమర్శలు

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం వస్తువు కొత్తది. షినోబు ఓతాకా రాసి, బొమ్మలు వేసిన ‘మాగి’ అనే జపాను మాంగా, అంటే బొమ్మల కథ. 2009 నుంచి 2017 దాకా షోగకుకాన్ వారి ‘వీక్లీ షోనెన్ సండే’ పత్రికలో సాగింది. మొత్తం 37 సంపుటాలు. అల్లాదీన్, ఆలీబాబా, సింద్‌బాద్, మోర్జియానా, మనం చిన్నప్పటి నుంచి వింటున్న అరేబియా రాత్రుల వాళ్లే ఇందులోనూ ఉన్నారు. కానీ వాళ్ల బతుకులు వేరు. ఆలీబాబా ఇక్కడ బాల్బాద్ రాజ్యపు రాకుమారుడు. సింద్‌బాద్ ఏడుగురు జిన్నులను గెలిచి సింద్రియాను ఏలే రాజు. అల్లాదీన్ చేతిలో దీపం ఉండదు, వేణువు ఉంటుంది. ఊదితే నీలిరంగు మహాకాయం ఒకటి బయటికొస్తుంది. దాని పేరు ఉగో.

దీపం పేరు చెప్పగానే గుర్తొచ్చే పిల్లవాడి చేతిలోంచే రచయిత్రి దీపం తీసేసింది. పద్యం చివరి పాదంగా పెట్టి మీరు పూరించాల్సిన సమస్య నాకు అక్కడే దొరికింది:

*దీప మార్పగ వెలుగులు దిశల నిండె*

నియమాలు మామూలే. ప్రతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాస నియమం లేదు, ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. మాంగా చదవనివాళ్లు మూలకథ మీద రాసినా సరే.

గోదారిగట్టు:

పాత కథలోని దివ్వెను పక్కనుంచి
పిల్లవానికి నిచ్చెను వేణువొకటి
తెల్ల రుఖ్ఖుల గుంపులు తేలి రాగ
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

‘రుఖ్’ అంటే ఈ కథాలోకంలో ప్రాణుల ఆత్మలన్నీ చేరే వెలుగు. తెల్లటి చిన్న పిట్టల్లా కనిపిస్తాయి. గుంపులుగా ఎగిరితే పేజీ అంతా తెల్లబడిపోతుంది. ఆ బొమ్మ కళ్లముందు పెట్టుకుని రాశాను.

నిర్వాహకుడు:

గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. మూడో పాదం చాలా బాగుంది, రుఖ్ఖులను చూసినవాళ్లకు ఆ ‘తేలి రాగ’ ఎంత సరైన మాటో తెలుస్తుంది. రెండు సంగతులు చెప్పాలి. ‘ఇచ్చెను’ దగ్గర వాక్యం ఆగిపోతోంది. ఎవరిచ్చారో పద్యంలో లేదు, కర్త కోసం పాఠకుడు వెతుక్కోవాలి. ‘పిల్లవానికి నొసగగ వేణువొకటి’ అంటే గణాలు చెడవు, నడక కూడా కిందికి సాగుతుంది. రెండోది కొంచెం పెద్దది. మొదటి పాదంలో దివ్వెను పక్కన పెట్టారు, నాలుగో పాదంలో ఆర్పారు. పక్కన పెట్టడం, ఆర్పడం ఒకటి కాదు కదా.

కాకతీయం:

రెండో అభ్యంతరంతో నేను ఏకీభవించను. కథలోంచి దీపాన్ని తీసేయడమే ఆర్పడం. సమస్యాపూరణలో ఆ మాత్రం లక్షణార్థం (మాటకు సూటిగా కాక అన్వయించుకునే అర్థం) చెల్లుతుంది.

నిర్వాహకుడు:

చెల్లుతుంది, కాదనను. కానీ ‘పక్కనుంచి’ అనే మాట ముందే వచ్చి ఆ లక్షణార్థాన్ని బలహీనం చేసింది. ఆ మాట లేకపోతే మీ వాదన నిలిచేది.

పదో తరగతి పిల్ల:

గురువుగారూ, తేటగీతి రాయడం ఇదే మొదటిసారి. ఈ మాంగా మీద వచ్చిన అనిమే (యానిమేషన్ సిరీస్) రెండు సీజన్లూ చూశాను.

ఏడు జిన్నులు గల రాజు సింధుబాదు
వచ్చె నని విని సింద్రియా వాసులెల్ల
రాత్రి పగలను భేదమే రాక మురిసి
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

నిర్వాహకుడు:

అమ్మా, మొదటి ప్రయత్నంలోనే గణాలన్నీ కుదిరాయి, సంతోషం. మొదటి పాదం విడదీద్దాం. ఏడు (హగణం), జిన్నులు (భగణం), గలరాజు (సలం), సింధు (హ), బాదు (హ). హ సూర్యగణం; భ, సల ఇంద్రగణాలు. గణాల వరకు తప్పు లేదు. యతి దగ్గరే చిక్కు. మొదటి అక్షరం ‘ఏ’, నాలుగో గణం మొదట్లో ‘సిం’. అచ్చులకు మైత్రి ఉంది కానీ, ‘ఏ’ ఒట్టి అచ్చు, ‘సిం’లో సకారం ఉంది. అందుకని కుదరదు. పాదాన్ని ఇలా తిప్పి చూడు:

జిన్నులేడింటి దొర యైన సింధుబాదు

జకారానికి, సకారానికి యతి చెల్లుతుంది, ఇద్దరిలోనూ ఇకారమే. అర్థమూ చెడలేదు.

ఇక అసలు విషయం. సింద్రియా వాళ్లు సంబరపడ్డారు, బాగుంది. మరి దీపాలు ఎందుకు ఆర్పారు? దానికి కారణం నీ మూడు పాదాల్లో ఎక్కడా లేదు. గోడకు మేకు కొట్టి బొమ్మ తగిలించినట్టు సమస్య చివర వేలాడుతోంది. యతి తప్పితే నేనైనా సరిచేయగలను, ఈ లోటు మాత్రం నువ్వే పూడ్చాలి. మొదటి మూడు పాదాలు చదివేసరికి నాలుగోది తప్పనిసరిగా రావాల్సిందే అనిపించాలి. అవధానాల్లో పృచ్ఛకుడు (ప్రశ్న అడిగేవాడు) సమస్య ఇచ్చేది దీనికే. మళ్లీ రాసి పంపమ్మా, ఎదురుచూస్తాను.

డల్లాస్ పద్యం:

నేను మాంగా చదవలేదు. ఆలీబాబా కథ మీద రాశాను.

మోర్జియానకు వంటింట ముసిరె రేయి
నూనెకై పోయి జాడీల నొక్కొకటిగ
చేర దొంగల గొంతులు చెవిని సోకె
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

కథలో ఆ రాత్రి వంటింటి దీపంలో నూనె అయిపోతుంది. పెరట్లో నూనె వ్యాపారి దించిన జాడీల్లోంచి కాస్త తెచ్చుకుందామని వెళ్తుంది మోర్జియానా. దగ్గరికి రాగానే జాడీలోంచి గొంతు, ‘సమయమైందా?’ అని. దొంగలందరూ వాటిలోనే నక్కి ఉన్నారని అప్పుడు తెలుస్తుంది. దీపం ఆరకపోతే ఆ ఇంటివాళ్లకు తెల్లారేది కాదు.

కాకతీయం:

ఈ ఘట్టం గుర్తుకు తేవడం గొప్ప సంగతి. సమస్యకు కథలోనే సమాధానం ఉంది, మనం ఎవరం గమనించలేదు.

నిర్వాహకుడు:

నిజంగా అద్భుతమైన ఎంపిక. ఈ కథకు సంబంధించిన మరో విశేషం. అల్లాదీన్, ఆలీబాబా కథలు పాత అరబ్బీ ప్రతుల్లో లేవు. 1709లో పారిస్‌లో, అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ నోటి నుంచి విని, ఆంత్వాన్ గలాన్ తన ఫ్రెంచి అనువాదంలో చేర్చుకున్నాడు. అంటే నోటిమాటగా వచ్చిన కథే ఇది. ఆ తర్వాత జపానులో ఒక రచయిత్రి దాన్ని మరోలా చెప్పుకోవడంలో వింతేమీ లేదు.

పద్యానికి వస్తే, వ్యాకరణం దగ్గర ఒక ముఖ్యమైన చిక్కుంది. సమస్యలో ఉన్నది ‘ఆర్పగ’, ‘ఆరగ’ కాదు. ఆర్పడానికి ఒకరుండాలి. మీ పద్యంలో దీపం తనంత తానే ఆరిపోయింది. ఆర్పింది ఎవరో చెప్పి తీరాలి.

డల్లాస్ పద్యం:

ఆర్పింది నూనె కొరతే అంటే?

మోర్జియానకు వంటింట ముసిరె రేయి
నక్కి యుండిన దొంగల నాడు పట్టె
జాడి జాడిని వెదుకగ, చమురు లేమి
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

నిర్వాహకుడు:

‘చమురు లేమి దీప మార్పగ’! చిక్కు విడిపోయింది. జా–చ యతి కూడా చక్కగా పడింది. ఒక్క బాధ మాత్రం మిగిలింది. మొదటి పద్యంలోని ‘దొంగల గొంతులు చెవిని సోకె’ పోయింది. కథకు ప్రాణం ఆ గొంతే. వ్యాకరణం నిలబెట్టుకోవడానికి మంచి పాదం ఒకటి వదులుకున్నారు. అయినా ఈ రెండోదే సరైన పూరణ.

కాకతీయం:

మోర్జియానా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పాత కథలో ఆమె ఇంటివాళ్లందరి ప్రాణాలు కాపాడాక గానీ బానిసత్వం నుంచి విడుదల పొందదు. మాంగాలో చీషాన్ నగరపు బానిసగా కనిపించిన పిల్ల మొదటి ఘట్టంలోనే విడుదలవుతుంది. డంజన్‌లో (జిన్ను ఉండే మాయా కట్టడంలో) దొరికిన సంపదతో ఆలీబాబా ఆ ఊరి బానిసలను విడిపిస్తాడు. తర్వాత ఆమె కాళ్ల సంకెళ్లే ఆమెకు ఆయుధమవుతాయి. విముక్తిని బహుమతిగా దాచిపెట్టకుండా ముందే ఇచ్చేయడం నాకు చాలా నచ్చింది.

ఇక నా పూరణ:

అగ్రజుని గద్దె దించిన యాలిబాబ
ప్రజల చేతికి పాలన పంచి యొసగె
రాజు లేనట్టి నగరాన రాజవంశ
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

గోదారిగట్టు:

‘రాజవంశ’ దగ్గర పాదం ఆపి, కింది పాదంలోని ‘దీప’ని దానికి కలిపేశారు! వంశదీపమే తన వంశదీపాన్ని ఆర్పేశాడు.

నిర్వాహకుడు:

ఈ వారపు పూరణల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ‘వంశదీపం’ మనం ఇంట్లో రోజూ వాడే మాట. కొడుకు పుడితే వంశదీపం అంటాం. ఆ మాటను సమాసంగా విరిచి రెండు పాదాల మధ్య పెట్టడంతో ఆర్పడం ఒక్కసారిగా మంచి పని అయిపోయింది. బాల్బాద్‌ను గణతంత్రంగా ప్రకటించే ఘట్టం చదివినవాళ్లకు ఇంకా బాగా అందుతుంది. చదవనివాళ్లకు కూడా పద్యంలోనే అంతా ఉంది. ‘అగ్రజుని’ – ‘యాలిబాబ’ యతి సరే.

డల్లాస్ పద్యం:

తర్వాత ఆ నగరం కో సామ్రాజ్యం చేతిలోకి పోతుందని మా అబ్బాయి చెబుతున్నాడు. మరి వెలుగులు నిండాయనడం నిజమేనా?

కాకతీయం:

మీ అబ్బాయి చెప్పింది నిజమే. నా పద్యం ఆ ప్రకటన జరిగిన రోజు వరకే. ఆ రోజు జనం ముఖాల్లో వెలుగు నిజం.

గోదారిగట్టు:

అదే ఘట్టంలో కాసిం ఉన్నాడుగా. నా రెండో పూరణ:

చెలిమికాడైన కాసిము చేటు జూచి
కత్తి దూసిన నేస్తము కంట నీరు
నల్ల రుఖ్ఖులు తెలుపయ్యె నతని ప్రాణ
దీప మార్పగ వెలుగులు దిశల నిండె.

నిర్వాహకుడు:

మురికివాడలో కలిసి పెరిగిన స్నేహితుడు నల్లటి జిన్నుగా మారితే, ఆలీబాబానే కత్తి ఎత్తాల్సి వస్తుంది. చివరికి అల్లాదీన్ సాయంతో ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటారు, నల్ల రుఖ్ఖులు తెల్లబడి ఆకాశమంతా పరుచుకుంటాయి. ‘దిశల నిండె’ అన్న మాట ఆ బొమ్మకు సరిగ్గా అతుకుతుంది. మీ మొదటి పూరణ కంటే ఇది చాలా మెట్లు పైన ఉంది. ఒక్క అభ్యంతరం, ‘అతని’ ఎవరు? వరుసలో దగ్గరున్నది ‘నేస్తము’. కత్తి దూసినవాడి ప్రాణమే పోయిందని మొదటిసారి చదివేవాళ్లు అనుకుంటారు. మూడో పాదంలో కాసిం పేరు తేగలిగితే ఇక వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

పదో తరగతి పిల్ల:

గురువుగారూ, నాది ఇంకా కుదరలేదు. ‘జిన్నులేడింటి దొర’ పాదం మాత్రం ఉంచుకుంటాను. దీపం ఎవరు ఆర్పాలో ఆలోచిస్తున్నాను.

నిర్వాహకుడు:

తొందరేమీ లేదమ్మా. వచ్చే వారం సమస్య కూడా తేటగీతే కాబట్టి రెండూ కలిపి పంపినా సరే. ఉగో వేణువులోంచి వచ్చేటప్పుడు మొండెమే వస్తుంది, తల ఉండదు. దాని మీదే ఇస్తున్నాను:

*తలయె లేనట్టి భూతము తలను వంచె*