సమస్య: “కథ నెఱుంగనివాఁడె యా కథ నెఱింగె”

నిర్వాహకుడు:
నిన్న రాత్రి ఇనుప కవచం తొడిగిన వీరుడి కథ ‘ఐరన్ మ్యాన్’ (2008) చిత్రం చూశాను. ఆ పాత్ర 1963లో పుట్టిన బొమ్మల కథల (కామిక్) పుస్తకాన్ని నేను ఒక్క పుటైనా తిరగవేయలేదు; అయినా రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చున్నాను. పుస్తకాలన్నీ చదివిన మా అల్లుడు మాత్రం పక్కనే ఉండి, “అది అలా కాదు మామయ్యగారూ” అంటూ నిట్టూరుస్తూనే ఉన్నాడు. అప్పుడు తట్టిన పాదమిది. దీనిని చివరి పాదంగా నిలిపి చేసే పద్యపూరణలో ఆ చిత్రం ప్రసక్తి తప్పక ఉండాలి.

శార్దూలం (కలంపేరు):
గుహను బందీగ నుండియుఁ గవచ మల్లి
వెలికి వచ్చిన వీరుని వింతఁ జూచి
వియతునామును దలఁపని విమలబుద్ధిఁ
గథ నెఱుంగనివాఁడె యా కథ నెఱింగె

మూలకథలో ఆ వీరుడు టోనీ స్టార్క్ గాయపడినది వియత్నాంలో. చిత్రం దానిని అఫ్ఘానిస్థాన్‌కు మార్చింది. ఆ మార్పు తెలియనివాడే గుహను గుహగా చూడగలడని నా భావం.

మత్తకోకిల:
భావానికి నమస్కారం. మొదటి పాదంలో ‘గు’కు ‘గ’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరమైత్రి) చెల్లదని శార్దూలంగారికి నేను చెప్పవలసి రావడం విధివిలాసం. పోయిన నెల బ్యాట్‌మ్యాన్ సమస్యలో జోకరు ‘జో’కు నేను యతిగా ‘చా’ వేసినప్పుడు, మూడు రోజులు నన్ను నిద్రపోనివ్వనివారు వీరే. ‘గవచ మల్లి’ బదులు ‘గొలిమి వెట్టి’ అంటే యతీ కుదురుతుంది, గుహలో తోటి బందీ ఇన్సెన్ తోడుగా స్టార్క్ ఇనుము కాల్చి కొట్టిన దృశ్యమూ కళ్ళకు కడుతుంది. కవచాన్ని అల్లడమేమిటి, అదేమైనా స్వెట్టరా?

శార్దూలం:
సవరణ స్వీకరించాను. స్వెట్టరు మాట అనవసరం.

కొత్తగొంతు:
ఇనుపమానిసి చిత్రము నిచ్చఁ జూచి
జార్విసన యంత్రమందలి స్వరమె యనుచు
నమ్మి మురిసెను; సేవకు నరయలేదు;
కథ నెఱుంగనివాఁడె యా కథ నెఱింగె

పుస్తకాలలో జార్విస్ స్టార్క్ ఇంటి సేవకుడని, నిక్షేపంలాంటి మనిషని మా తమ్ముడు చెప్పేదాకా నాకు తెలియదండీ. చిత్రంలో అతడు గొంతు మాత్రమే కదా; నాకు ఆ గొంతే మనిషిలా అనిపించింది. తప్పులుంటే మన్నించగలరు.

శార్దూలం:
‘స్వరమె’లోని సంయుక్తాక్షరం ముందున్న ‘లి’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

నిర్వాహకుడు:
వేరు పదం కనుక లఘువే (ఒక మాత్రే). గురువనుకున్నా ‘మందలి’ అన్నచోట భగణం (గురు-లఘు-లఘువు) పోయి రగణం (గురు-లఘు-గురువు) వస్తుంది. అదీ అక్కడ చెల్లే ఇంద్రగణమే కాబట్టి పాదానికి వచ్చిన ముప్పేమీ లేదు. ‘సేవకు నరయ’ అన్నచోట సేవకుడి మాట సేవ మాటలా వినబడుతుందన్నదే నా కొద్దిపాటి అసంతృప్తి. యంత్రస్వరాన్ని నమ్మి మురిసిన అమాయకత్వం మాత్రం సమస్యకు సరిగ్గా అతికింది.

మత్తకోకిల:
అంగరక్షకుఁడను కల్ల నవలఁ బెట్టి
“నేనె యా లోహపురుషుఁడ నిజ”మటంచు
స్టార్కు పలుకంగఁ జేతులు చఱచె; బొమ్మ-
కథ నెఱుంగనివాఁడె యా కథ నెఱింగె

శార్దూలం:
మూడవ పాదం చివర ‘బొమ్మ’ను నిలిపి, సమస్యలోని కథను బొమ్మకథగా, అంటే కామిక్‌గా మార్చిన తీరును ఒప్పుకోక తప్పదు. పుస్తకాలలో స్టార్క్ దశాబ్దాల పాటు లోకానికి చెప్పుకొచ్చిన అబద్ధం ఆ అంగరక్షకుడే. చిత్రం చివర విలేకరుల ముందు అతడు దానిని ఒక్క మాటతో పారవేస్తే పాత పాఠకుడికి గుండె గుభేలుమంటుంది, కొత్తవాడు కోటీశ్వరుడి కొంటెతనమనుకొని చప్పట్లు కొడతాడు. అయితే మన హాళ్ళలో బొమ్మ అంటే సినిమాయే కదా? అప్పుడు మీ విరుపు ఏమవుతుంది?

మత్తకోకిల:
అలా చదివితే, సినిమా కథ ముందుగా తెలియనివాడికే సినిమా అర్థమైందని వస్తుంది. అదీ అబద్ధం కాదు శార్దూలంగారూ, మన నిర్వాహకులవారే సాక్షి. ఇకనైనా ‘జో’ సంగతి మరచిపోతారా?

శార్దూలం:
పద్యం బాగుంది. ‘జో’ను మరువను.