వరద బాధితుల దగ్గరికి వాలంటీరుగా వెళ్తున్నా, వాళ్ళతో ఏం మాట్లాడాలి?

ఎంవీపీ_పీజీ_అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నా. మొన్నటి వానలకి గెడ్డ పొంగి లోతట్టు కాలనీలో ఇళ్ళు మునిగిపోయాయి, వాళ్ళందర్నీ స్కూల్లో పెట్టారు, మా బ్యాచ్ ఆదివారం నుంచి అక్కడికి వెళ్దామనుకుంటోంది. దుప్పట్లు, బియ్యం, ప్యాడ్లు పంచడం వరకు ఫర్వాలేదు కానీ "నువ్వు బాగా మాట్లాడతావు కదా, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ధైర్యం చెప్పు" అని ఆ పని నాకు అప్పజెప్పారు. అప్పట్నుంచీ ఒకటే భయం. ఇల్లు పోయినవాళ్ళకి నేనేం ధైర్యం చెప్తాను? కౌన్సెలింగ్ కోర్సులేవీ చెయ్యలేదు. ఎవరైనా ఏడిస్తే ఏం చెయ్యాలి, వాళ్ళతోపాటు నాకూ ఏడుపొచ్చేస్తే? ఇలాంటి పని చేసినవాళ్ళు, ఇలాంటి కష్టం పడ్డవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వాల్తేరు_సిస్టర్:
అమ్మా, ధైర్యం చెప్పడం నీ పని కాదు, ముందు ఆ బరువు దించేసుకో. నేను మానసిక రోగుల వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. డబ్ల్యూహెచ్‌ఓ 2011లో సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్, అంటే మనసుకి ప్రథమ చికిత్స అని ఒక గైడు తెచ్చింది, అది నీలాంటి మామూలు వాలంటీర్లకి కూడా పనికొచ్చేదే. చూడు, విను, కలుపు, అందులో అసలు సంగతి ఇంతే. గదిలోకి వెళ్ళగానే మాటలు మొదలెట్టకుండా ముందు చూడు, బీపీ మాత్రలు నీళ్ళలో పోయిన ముసలావిడ ఉంటుంది, బిడ్డకి పాలివ్వడానికి చాటు లేక అవస్థపడే తల్లి ఉంటుంది, అందరికీ దూరంగా గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి ఉంటాడు. వాళ్ళు చెప్తే విను, చెప్పకపోతే పక్కన ఊరికే కూర్చో. "ఆ రాత్రి ఏమైంది, మొదట్నుంచి చెప్పండి" అని మాత్రం తవ్వొద్దు. ఒకప్పుడు డిబ్రీఫింగ్ అని అంతా చెప్పించేవాళ్ళు, తీరా పరిశోధనల్లో చూస్తే దానివల్ల మేలు కనపడలేదు, కొందరికి కీడు కూడా జరగొచ్చని తేలింది, అందుకే ఇప్పుడు వద్దంటున్నారు. ఇక కలపడం అంటే డాక్టరుతోనో, వీఆర్వోతోనో, ఎక్కడున్నారో తెలీని చుట్టాలతోనో కలపడం.

నిద్ర పట్టకపోవడం, చినుకు పడితే ఉలిక్కిపడటం, చీటికీమాటికీ కోపం ఇవన్నీ మొదట్లో చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి, దానికి జబ్బు పేరు పెట్టొద్దు. నిద్రమాత్రలు ఎవరైనా తెచ్చి పంచుతుంటే ఆపు. కానీ ఎవరైనా చచ్చిపోవాలనుంది అన్నా, తిండీ నీళ్ళూ మానేసినా, నెల దాటినా తేరుకోకపోయినా వదలకూడదు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చీటీ మీద నంబరు రాసిచ్చి వచ్చెయ్యకు, నువ్వే కలిపి ఫోన్ చేతికివ్వు, మాట్లాడినంతసేపూ పక్కనుండు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్ళమంటే జనం జంకుతారు, తోడు వస్తానంటే కదులుతారు.

వెంకటాపురం_నాన్న:
నేను అవతలి వైపు మనిషినండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైనప్పుడు పాపని భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్ళలో నేనొకణ్ణి. 12 మంది పోయారు, కట్టుకొయ్యల దగ్గరే పశువులు పడిపోయాయి. తర్వాత పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగింది, ఎటు పరిగెత్తారు అనే అడిగేవాళ్ళు, చెప్పిన ప్రతిసారీ మళ్ళీ ఆ వాసన ముక్కులోకి వచ్చేది. "పోన్లెండి, మీరు బతికారు, అదృష్టవంతులు" అనేవాళ్ళు. పక్కింటి పిల్ల పోయిన మనిషితో అనాల్సిన మాటేనా అది?

ఒకాయన మాత్రం వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుని "ఫోన్లో చార్జింగ్ ఉందా, ఇంట్లోవాళ్ళకి కబురు చెప్పారా" అన్నాడు. పవర్ బ్యాంకు ఇచ్చాడు. మా అత్తగారిని ఎక్కడ చేర్చారో తెలీక తిరుగుతున్నా అప్పటికి, నాలుగైదు చోట్లకి ఫోన్లు చేసి కనుక్కుని వార్డు నంబరు నా అరచేతిలో పెన్నుతో రాశాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆయన ఊరుకోండి అనలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. రేపు పొద్దున్న వస్తానన్నాడు, వచ్చాడు. అందుకని గవర్నమెంటు ఇల్లిస్తుందిలే, అంతా సర్దుకుంటుందిలే అని మీ చేతిలో లేనివి చెప్పకండి, మీరు చెయ్యగలిగిన చిన్నదే చెప్పండి, అది చేసి చూపించండి. ఇచ్చేటప్పుడు ఫోటో తియ్యొద్దని మీ బ్యాచ్‌కి ఇప్పుడే చెప్పెయ్యండి, అక్కడ నోరు తెరిచి వద్దనలేరు వాళ్ళు.

జాలరిపేట_కుర్రోడు:
చెల్లెమ్మా, నాదీ ఒక మాట. మనిషి పోనాడని తెలిస్తే ఒక ఏడుపు, తెలీకపోతే మరో నరకం. యాటకెల్లిన బోటు రాకపోతే మా పేటలో ఆడోళ్ళు ఒడ్డునే కూకుంటారు, వారం గడిచీసరికి చుట్టాలు బొట్టు తీసీమని, గాజులు తీసీమని మొదలెడతారు, ఆ పిల్లేమో నా మొగుడు వస్తాడు అంటది. వరదలో కొట్టుకుపోనోళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే ఉంటది. నువ్వు వస్తాడులే అనకు, పోనాడులే అనీ అనకు. "ఎదురుచూడ్డం కష్టమే అక్కా, అన్నం తిన్నావా" అను, అంతే. కాయితాల సంగతి మాత్రం తెలుసుకుని ఎల్లు. మామూలుగా ఏడేళ్ళు జాడ లేకపోతే గానీ చట్టం మనిషి పోయినట్టు లెక్కెయ్యదు, కానీ 2013 ఉత్తరాఖండ్ వరదలప్పుడు ప్రభుత్వం ప్రత్యేకంగా ముందే సర్టిఫికెట్లు ఇచ్చింది. అలాంటి దారేదైనా ఉందేమో తహసీల్దారాఫీసులో అడిగి, ఆవిడ అడిగినప్పుడే చెప్పు, ముందే కాయితాలు పట్టుకుని మీద పడకు.

ఎంవీపీ_పీజీ_అమ్మాయి:
చదువుతుంటేనే కళ్ళు చెమర్చాయి, అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి, అక్కడ పిల్లలు చాలామంది ఉన్నారట, వాళ్ళతో ఎలా?

భీమిలి_టీచరు:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక స్కూళ్ళు తెరిచినప్పుడు మా పిల్లలు తుఫాను ఆట ఆడేవారు. ఒకడు గాలి, ఒకడు చెట్టు, ఊఁ అని అరుస్తూ తొయ్యడం, పడిపోవడం. కొందరు పెద్దవాళ్ళు తిట్టి ఆపబోయారు, ఆపొద్దన్నాను నేను. భయాన్ని వాళ్ళు అలా ఆటలో పెట్టి బయటికి తీసుకుంటారు. కాగితాలు, క్రేయాన్లు పట్టుకెళ్ళండి, ఏం గీశావు అని అడగొచ్చు, మీ ఇల్లు మునిగిన బొమ్మ గియ్యి అని మాత్రం చెప్పొద్దు. మళ్ళీ నీళ్ళొస్తాయా అని అదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ విసుక్కోకుండా ఒకేలా నిజం చెప్పండి, "వానలు మళ్ళీ పడొచ్చు, ఈ బిల్డింగు ఎత్తులో ఉంది, పెద్దవాళ్ళం మేమంతా ఇక్కడే ఉన్నాం" అని. అమ్మానాన్నలకి కనపడేచోటే ఆడించండి. పక్క తడిపేసుకుంటే ఎవరి ముందూ అనకండి, గుట్టుగా బట్టలు మార్పించండి.

మీ ఏడుపు గురించి అడిగారు కదా, కళ్ళలో నీళ్ళొస్తే రానివ్వండి, మీరు రాతిమనుషులు కారు. కానీ ఆగనంతగా వస్తే పక్కకెళ్ళండి, వాళ్ళు మిమ్మల్ని ఓదార్చాల్సి రాకూడదు. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరిద్దరుగా ఉండండి, సాయంత్రం ఇంటికెళ్ళేముందు ఆ ఇద్దరూ కాసేపు మాట్లాడుకోండి. వీలైతే ఈ ఆదివారమే అందరూ ఒక్కసారి వెళ్ళకుండా సగం మంది వచ్చే నెలకి పేర్లిచ్చి ఉంచండి. మొదటి వారం పులిహోర పొట్లాలు మిగిలిపోతాయి, బురద కడుక్కుని ఇళ్ళకి తిరిగెళ్ళే రోజుకి పలకరించే దిక్కుండదు.