పిల్లల చూపు రికార్డు చేసే ప్రాజెక్టు: తెలుగు వాక్యం కుదరట్లేదు

హన్మకొండ టీచర్:
స్కూల్లో చెప్తూనే ఎం.ఎ. ప్రాజెక్టు చేస్తున్నాను. వాక్యం వింటున్నప్పుడు పిల్లల చూపు ఏ బొమ్మ మీదికి పోతుందో ఐ ట్రాకర్‌తో (కంటి చూపు ఎటు పోతుందో రికార్డు చేసే పరికరం) చూడాలి, పెద్దవాళ్లతో పోల్చాలి. 1999లో ట్రూస్‌వెల్ బృందం ఐదేళ్ల పిల్లలతో చేసిన కప్ప ప్రయోగాన్నే తెలుగులో చేయమని గైడ్ సార్ అన్నారు. ‘కప్పను రుమాలు మీద డబ్బాలో పెట్టు’ అంటే మా పిల్లలు బొమ్మలు వదిలేసి నా మొహం చూస్తున్నారు! ఏం చేయాలి?

కరీంనగర్ అక్క:
పిల్లలదే కరెక్టు టీచరమ్మా, అది తెలుగే కాదు. ఆ ప్రయోగంలో పిల్లల ముందు రుమాలు మీదో కప్ప, ఇంకో ఖాళీ రుమాలు, డబ్బా ఉంటాయి. ఇంగ్లిష్‌లో ‘పెట్టు, కప్పను’ అన్నాక ‘రుమాలు మీద’ వస్తుంది. అందుకే అక్కడే పెట్టాలేమో అనిపిస్తుంది. రెండు కప్పలు కనిపిస్తే పెద్దవాళ్లు ‘ఓహో, ఏ కప్పో చెప్తున్నారు’ అని సర్దుకున్నారు. పిల్లలు మాత్రం రెండున్నా ఖాళీ రుమాలు వైపే చూశారు. మనం ‘రుమాలు మీదున్న కప్పను’ అంటాం, ఇక తికమకేముంది?

మనకు పనికొచ్చేది 2003లో కమిదె, ఆల్ట్‌మన్, హేవుడ్ జపనీస్‌లో చేసింది. అక్కడా క్రియ చివర్లోనే. ‘వెయిట్రెస్ కస్టమర్‌కి’ అని వినగానే, క్రియ రాకముందే, హాంబర్గర్ వైపు చూపులు పెరిగాయి. మీరు తెర మీద అమ్మమ్మ, పాప, జాంపండు, చెట్టు పెట్టండి. ‘అమ్మమ్మ పాపకి నవ్వుకుంటూ జాంపండు ఇచ్చింది’, ‘అమ్మమ్మ పాపని నవ్వుకుంటూ ఎత్తుకుంది’. ‘పాపకి’ అన్నప్పుడే జాంపండు వైపు ఎక్కువ చూస్తున్నారా? అదే మీ ప్రశ్న. ‘నవ్వుకుంటూ’ మాత్రం తీసేయొద్దు. విన్నాక చూపు కదలడానికే దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ గడువు దొరికేది అక్కడే. సార్‌ని ఒప్పించడం మీ తిప్పలు.

వరంగల్ స్పీచ్ థెరపిస్ట్:
అక్క చెప్పింది నిజం. ఇంకోటి, చెంబు, చెంచా ఒకే తెర మీద పెట్టకండి. ‘చెం’ వినగానే చూపు రెండింటి మీదికీ పోతుంది. 1998లో అలొపెన్నా వాళ్లు బీకర్, బీటిల్ బొమ్మలతో ఇదే చూపించారు. గడ్డం ఆనించే స్టాండ్‌లో చిన్నపిల్లలు కుదురుగా కూర్చోరు. కాలిబ్రేషన్‌కి (మొదట్లో ట్రాకర్‌ని పిల్లల కంటికి సరిచేసుకోవడానికి) ఉత్త చుక్క కాకుండా కదిలే బొమ్మ పెట్టండి.

హన్మకొండ టీచర్:
థాంక్స్ అక్కా, థాంక్స్ మేడమ్. ట్రాకర్ దొరక్కపోతే లాప్‌టాప్ వెబ్‌క్యామ్‌తో అవుతుందా?

కరీంనగర్ అక్క:
బొమ్మలు నాలుగు మూలలకీ దూరంగా పెడితే ఏ మూల చూశారో తెలుస్తుంది. అంతకంటే సన్నగా అడగొద్దు. పిల్లల మొహం మీద వెలుతురు పడాలి, కిటికీ వీపు వెనక ఉండొద్దు. ముందు పెద్దవాళ్లతో చేసి చూడండి. వాళ్లలోనే ‘కి’, ‘ని’ తేడా కనిపించకపోతే బొమ్మలు మార్చాల్సిందే.