ఎన్‌ఎంఎంఎస్ రెన్యువల్: టెన్త్ అయ్యాక కాలేజీ మార్పు ఎలా?

నమస్కారం అండీ. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష) రాసి ఎంపికైన అమ్మాయి, జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ పూర్తిచేసి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చేరింది. ఏటా 12,000 రూపాయలు. తొమ్మిది, పది తరగతులవి అందాయి. టెన్త్‌లో 60 శాతం దాటింది, ఇంటి ఆదాయం 3.5 లక్షల లోపే. గురుకులంలోనో, ప్రైవేటు కాలేజీలోనో చేరితే అర్హత పోతుంది కాబట్టి ఆ ఇబ్బందీ లేదు.

చిక్కంతా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. రెన్యువల్‌లో ఇంకా పాత స్కూలే చూపిస్తోంది. అలాగే పంపితే పాత హెడ్మాస్టరు లాగిన్‌కి వెళ్తుంది; పిల్ల అక్కడ లేదు కనుక ఆయన వెరిఫై చేయలేరు. మొదటి అంచె దాటకపోతే జిల్లా అధికారి దాకా చేరదు. కొత్తగా ఫ్రెష్ అప్లికేషన్ పెడదామంటే, ఈ పథకంలో ఫ్రెష్ అనేది తొమ్మిదో తరగతికే.

మార్పు ఎవరు చేయాలి? పోర్టల్‌లో పిల్ల పేరును పాత స్కూలు వదిలేయాలా, కాలేజీ నోడల్ అధికారి (అక్కడ స్కాలర్‌షిప్ పనులు చూసేవారు) తీసుకోవాలా, లేక డీఈఓ ఆఫీసులోనా? టీసీ, బోనఫైడ్ సరిపోతాయా? కాలేజీకి యూడైస్ కోడ్ (విద్యాసంస్థ గుర్తింపు సంఖ్య) ఉంది, నోడల్ అధికారి ఆధార్ ధ్రువీకరణ మాత్రం ఇంకా కాలేదు. ముందు అదే చేయించాలా?

ఇంకొకటి. కాలేజీ దగ్గర కొత్త బ్యాంకు ఖాతా తెరిచారు. డబ్బు చివరగా ఆధార్ సీడింగ్ (అనుసంధానం) అయిన ఖాతాకే పడుతుంది కదా, పాతదాన్నే ఉంచడం మేలా? ఈమధ్య చేయించినవాళ్లు వరుస చెప్పండి.